ఖాళీ క్యాను

ఆర్నెల్ల కింద
మునుగోడు కాడ పాలవ్యాను టైరు పగిలిన పొద్దు
మొదలైంది ఇది.
నేను పాలకేంద్రంల గుమాస్తాను.
వెన్న శాతం జూసి చీటీ రాసెటోణ్ణి,
పాటల సంగతి నాకేం ఎరుక.

రేకుల కింద క్యాన్లు,
క్యాన్ల పక్కన ముసలోల్లు.
వ్యాను రాకపాయె, చీకటి పడవట్టె.
ఇద్దయ్య దగ్గిండు.
ఆ దగ్గు కొసకే ఒక రాగం తగిలింది.
మోట గొట్టెటప్పటి పదం,
సగం దాకా పాడి మర్చిపోయి
నోరు తెర్సుకొని కూసున్నడు.
గోడకొరిగిన మాసూంబీ అందుకుంది.
మోటలు ఆగి నలభై ఏండ్లు,
ఆమె గొంతుల కాలువ ఇంకా తడిగనే ఉంది.

ఫ్లోరైడు నీళ్లు తాగిన ఒళ్లు ఈల్లయి.
బక్కమ్మ మెడ తిరగది,
ఎవరన్న పిలిస్తె మనిషంత తిరగాలె.
పాటకైతె తిరిగే పని లేదు,
ఎనక నుంచి వస్తది
ఆమెను దాటుకుంట పోతది.

పండ్లు లేని పోశాలు నోట్ల 'స' నిలవదు,
ఆడ ఈల పడ్తది.
ఆ ఈల కోసమే
ఆ చరణం రెండుసార్లు పాడుతరు.

శ్రుతి గిృతి ఏం లేదు.
ఒకరు ముందు, ఒకరు ఎనక,
ఒకే బండి చక్రాలు రెండూర్లకు పోతున్నట్టు.
కాని చరణం అయిపోంగనె
అందరు ఒక్కపాలి ఊపిరి తీస్తరు.
ఆ సప్పుడు ఎప్పుడన్న విన్నరా?
పదకొండు మంది ముసలోల్లు
ఒక్కపాలి గాలి పీల్చే సప్పుడు.
లాక్టోమీటరు కడుగుతున్న నా చెయ్యి ఆగిపోతది.

ఇప్పుడు వ్యాను టైముకే వస్తుంది.
వంతులేసుకొని డ్రైవరుకు చాయ్ తాపుతరు.
ఇంకో పాట మిగిలితె
ఇంకో చాయ్.

మొన్న బక్కమ్మ బర్రె వట్టిపోయింది.
పేరు కొట్టేద్దామని పట్టీ తీసిన.
ఏడు గాకముందే
ఖాళీ క్యాను సంకల వెట్టుకొని రానే వచ్చె.
'పాలేవి పెద్దమ్మా?'
క్యాను బోర్లిచ్చి
వంకర వేళ్లతోని రెండు దెబ్బలు కొట్టింది.
'నిండిన క్యాను మోగదు బిడ్డా,
ఇన్ని దినాలు అదే బాధుండె.'

ఆ రోజు నలుగురి చీటీలు తప్పు రాసిన.
ఎవ్వరు అడగలే.
పట్టీల ఆమె పేరు ఎదురుంగ
లీటర్ల గడిల ఏం రాయాల్నో తోచక
టైము రాసిన:
ఆరు నలభై నుంచి
ఎనిమిది దాక.