సప్లీకి ముందు రోజు, ఆటోనగర్

మార్చిలో నన్ను పడగొట్టింది ఏడు మార్కుల ప్రశ్న.
వక్రం ఇచ్చి, దాని మీద బిందువు ఇచ్చి
స్పర్శరేఖా అభిలంబరేఖా కనుక్కోమంది.
కనుక్కున్నాను కూడా.
దీనికి రాయాల్సింది దానికి రాశాను.

రేపు తొమ్మిదింటికి పటమటలో మళ్లీ పరీక్ష.
ఇవాళ మాత్రం రేకుల షెడ్డు,
జాన్ సైదా అన్న దగ్గర రోజుకి రెండొందల యాభై, టీ విడిగా.
లేతు మీద లారీ షాఫ్టు తిరుగుతోంది,
నా నోట్సు మీద ఆయిల్ మరక పాకుతోంది.

అన్న టూలు తీసి ఎమరీ చక్రానికి ఆనించాడు.
నిప్పురవ్వలు.
"చూశావా, చక్రం గుండ్రమేగానీ
రవ్వ గుండ్రంగా పోదు.
వదిలిన చోటి నుంచి సూటిగా పోద్ది."
అన్న చదివింది ఆరు.
అవకలనం అన్న మాటే వినలేదు.
ఎడమ కనుబొమ మీద చిన్న కాలిన మచ్చ:
ఏదో ఒక స్పర్శరేఖ
ఒకసారి ఆయన మొహం మీదుగా పోయింది.

"మరి ఎటు నొక్కాలన్నా?"
"ఇరుసు వైపుకి, తిన్నగా.
పక్కకి నొక్కావా, జారుద్ది. వేలు పోద్ది."

వాలుల లబ్ధం మైనస్ ఒకటి అని
ఇమ్మానుయేలు సారు ఏడాదంతా మొత్తుకున్నారు.
ఒక్క వేలి భయంతో ఇప్పుడు తలకెక్కింది.

నోట్సు తీశాను.
వై ఈజీక్వల్టు ఎక్స్ క్యూబ్. బిందువు ఒకటి కామా ఒకటి.
అవకలనం చేస్తే మూడు ఎక్స్ స్క్వేర్,
ఒకటి పెడితే వాలు మూడు.
అభిలంబానికి మైనస్ మూడోవంతు.
రెండు సమీకరణాలూ రాసేస్తే
ఏడుకి ఏడు.

కరెంటు పోయింది.
చక్రం మూలుగుతూ మూలుగుతూ ఆగింది.
ఊరికే కూర్చోలేక
స్కేలు లేక, పాత హాక్సా బ్లేడు పెట్టి
స్పర్శరేఖని కిందికి పొడిగించాను.
అది దిగీ దిగీ
మైనస్ రెండు దగ్గర, మైనస్ ఎనిమిది లోతున
అదే వక్రాన్ని అడ్డంగా కోసింది.

ఒక్కచోటే తాకుతుందనుకున్నానే!
మళ్లీ చేశాను. మళ్లీ అదే మైనస్ రెండు.
పుస్తకంలో తప్పు దొరికిందేమోనని
తప్పినవాడికి ఉండకూడనంత గర్వం, కాసేపు.

ఆ తర్వాత చెమట తుడుచుకుంటుంటే తట్టింది.
తాకడమన్నది ఆ బిందువు దగ్గరి మాట.
దాని పక్కన, ఇంకా పక్కన,
ఇక పక్కంటూ మిగలనంత పక్కన.
దూరాన ఏం జరిగినా ఆ మాటకి పూచీ లేదు.

అన్నకి చూపించాను.
బ్లేడు అటూ ఇటూ తిప్పి చూసి
"పళ్లరిగిపోయిన బ్లేడురా, గీత వంకర పోయుంటది" అన్నాడు.
చెప్పబోయేలోగా కరెంటొచ్చింది.

రవ్వలు మళ్లీ బయల్దేరాయి.
మేకుకి వేలాడుతున్న కళ్లద్దాలు తెచ్చి
ముందు అన్నకి పెట్టాను.
సూటిగా పోయేవాటికి
ముందర ఏ వంపు ఉందో ఏం తెలుసు.