అయిదో గడి

సిరొంచల నా ఫోనుకు రెండు రాష్ట్రాలు.
మంచం ఈ కొసన మహారాష్ట్ర,
ఆ కొసకు జరిగితే ప్రాణహిత అవతలి టవరు
తెలంగాణకు స్వాగతం అంటది.
రెండూ దొరకని జాగ ఒకటుంది, పొయ్యి పక్కన.
అక్కడ కూసునే రాసిన దీన్ని,
నెట్టు లేకున్నా నడవాలని.

పగలంతా జిరాక్సు దుకాణం.
సాత్‌బారా నకళ్లు, ఆధారు మీద ఆధారు,
ముద్ర పడని వేళ్లకు కొంచెం కొబ్బరినూనె.
రాత్రి తొమ్మిది దాటినంక పాత లాప్‌టాప్.
దాని ఎంటర్ మీట ఊడిపోయింది,
అగ్గిపుల్లతో నొక్కుత.

ఇంతకుముందు చేసినవి చానా ఉన్నయి.
పడవ ఎప్పుడొస్తదో చెప్పేది ఒకటి;
వంతెన వచ్చింది, దాని పని అయిపోయింది.
గంటకోసారి నీళ్లు తాగమనేది ఒకటి;
మా చిన్నమ్మ రెండు గంటలు ఓర్చుకొని తీసేసింది.
చెయ్యాల్సిన పనుల పట్టీ ఒకటి.
దాంట్ల మొదటి పని: ఈ పట్టీ పూర్తి చెయ్యాలె.
ఇంకా అట్లనే ఉంది.

బడిల మరాఠీ, ఇంట్ల తెలుగు,
మా వాడకట్టు సగం గోండి.
కోడు నడుమ నాకోసం రాసుకునే మాటలు మాత్రం తెలుగే:
"ఇది ముట్టకు. ఎట్ల నడుస్తుందో నాకూ తెల్వది."

ఎండలు ముదిరి తునికాకు మొదలైంది.
సిడాం లక్కుబాయి తెల్లారకముందే అడవికి పోతది,
పొద్దు నెత్తికెక్కేసరికి మోపుతో వస్తది.
ఆకు మీద ఆకు, యాభై ఆకులకు ఒక కట్ట,
నార బిగించి, కొస పంటితో కొరికి,
కల్లంల వరుసగా పరుస్తది.
ఆమె లెక్క కొంగు ముడులల్ల,
కల్లేదారు లెక్క కార్డు మీద.
రెండూ ఎన్నడు కలిసినయని?

నాలుగు గడులు పెట్టిన.
పేరు, తారీఖు, కట్టలు, పైసలు.
ఎండల గూడ కనపడాలని అంకెలు ఇంతింత లావు.
కల్లేదారు ముంజంకర్ మురిసిండు,
"శభాష్ పోరీ" అని చాయ్ తాగించిండు.

మూడోనాడు లక్కుబాయి
మనుమడి ఫోను నా ముంగట పెట్టి అడిగింది:
"నూటికి అయిదు కట్టలు ధర్మమని తీసుకుంటడు గద.
అవి ఏడ రాసినవ్?"

రాయలేదు.
అందరికీ తెలిసినదానికి
గడి ఎందుకనుకున్న.

ఆ రాత్రి పదకొండు పంక్తులు.
అంతే, పదకొండు.
అయిదో గడి: "ఇచ్చినవి, పైసలు రానివి."

తెల్లారి ముంజంకర్ చాయ్ మాట ఎత్తలేదు.
"ఆ గడి తియ్యి పోరీ, ఇరుకైతుంది."
"ఫోను అడ్డం తిప్పి చూడు కాకా, సరిపోతది."
నా గొంతు నాకే కొత్తగా వినపడ్డది,
చెయ్యి మాత్రం బల్ల కింద వణికింది.

ధర్మం ఆగలేదు.
నూటికి అయిదు మూడయింది.
ఆ రెండు కట్టల సంగతి ఎవరూ ఎత్తలేదు,
నేనే కోడు పైన రాసుకున్న:
"రెండు తగ్గినయి."

వానలు పడ్డయి. కల్లంల గడ్డి మొలిచింది.
వాడేటోళ్లు పదిహేడు మంది నుంచి సున్నా.
రోజూ చూస్త. సున్నా.
పాతదాన్ని పక్కన పెట్టి
ఇంకేదో మొదలుపెట్టిన, పేరు కూడా పెట్టలేదు.

శ్రావణంల ఒక రాత్రి, ఒకటి.
టవరు దొరికినప్పుడు ఏ ఫోనో
దాచుకున్నదంతా పంపింది, లక్కుబాయి మనుమడిదే.
పేరు: ప్రాణహిత.
కట్టలు: నాలుగు మెట్లు.
మరునాడు ఏడు. ఆ మరునాడు పన్నెండు,
ఘాటుకు ఉన్నవే పన్నెండు.
ఇచ్చినవి, పైసలు రానివి: రెండు మేకలు.

పైసల గడి ఖాళీగ వదిలితే నేను ఒప్పుకోను,
ఎర్రగ వెలిగి ఆపుత.
పాపం, అన్ని రోజులూ సున్నా పెట్టుకుంట వచ్చిండు.

అగ్గిపుల్ల ఏడుందో వెతుకుతున్న.
ముందు ఆ ఎరుపు తియ్యాలె.