దూది

షార్జా. రాత్రి రెండు. ఏసీ నీళ్లు బకెట్లో టపటప.
మిల్లులో పూసలు తిరుగుతున్నాయి,
మందు స్ఫటికాల్ని సన్నగా నూరుతూ.

పదేళ్లు బిళ్లల్ని తొందరగా కరగమన్నాను.
ఇప్పుడు బతిమాలుతున్నాను:
కండలో కూర్చో,
బుగ్గన పెట్టుకున్న పటికబెల్లంలా
రెండు నెలలు తీరిగ్గా కరుగు,
నెత్తుట్లో వైరస్ తలెత్తకుండా.

నేల తుడిచే ఓబులేసు ఆగాడు.
క్యాంపు గదిలో పన్నెండు మంచాలు, అతనిది పైది.
దిండు గలీబులో డబ్బా.
బిళ్లకీ బిళ్లకీ మధ్య దూది కుక్కుతాడట.
నాకెందుకు చెప్పాడో.

ఇంకా ఎలుకల దగ్గరే ఉందన్నాను.
ఎన్నేళ్లని అడగలేదు. ఖర్చెంతనీ అడగలేదు.

"కదిలితే సప్పుడైతాదా సార్, లోపల?"

సరిగ్గా వినపడక మిల్లు ఆపాను.
మళ్లీ అడగలేదు.