ఒక భుజం

లాంగియర్‌బియెన్ ఊరికి పైన, గని కొండ మీద
రాడార్ పళ్లెం నిండా గడ్డకట్టిన మంచు.
జనవరి. మధ్యాహ్నం రెండు. చీకటి.
తలుపు పక్కన తుపాకి, ఎలుగుబంటి వస్తే ఉండాలని.
దాని పక్కన సున్నీవా తడి బూట్లు.

తెర మీద పది సెకన్లకొక గీత పుడుతుంది.
గీతకి రెండు భుజాలు,
కావడిబద్దకి అటో కుండ, ఇటో కుండ,
ఏదీ తొణకదు.
అయిదు వందల కిలోమీటర్ల ఎత్తున
అయాన్లు కులాసాగానే ఉన్నాయన్నమాట.

అప్పుడు ఎడమ భుజం లేచింది.
కొంచెం కాదు, తెర పైఅంచు దాటి.

ఏ గుంపులోనైనా పరిగెత్తేవాళ్లు తక్కువ.
అల పక్కన నిదానంగా నడిచేవాళ్లు
దాన్నుంచి కాస్త లాక్కుంటారు,
తొందరగాళ్లు కాస్త ఇచ్చి పోతారు.
లాక్కునే చేతులే ఎక్కువ కనక
ఏ అలా పెద్దదవదు, పుట్టినచోటే అణుగుతుంది.
ఇవాళ పైనుంచి ఎలక్ట్రాన్ల ధార దూసుకొచ్చింది,
పెళ్లి ఊరేగింపు మధ్యలోకి అంబులెన్సులా.
ఇచ్చేవాళ్లు ఎక్కువైపోయారు.
అల తిన్నది, బలిసింది,
మొయ్యలేక విరిగి పిల్లల్ని పెట్టింది.
ఆ పిల్లల్లో ఒకదానిది ఈ భుజం.

సున్నీవా బీరువాలోంచి పాత లాగ్ పుస్తకం తీసింది.
పెన్సిల్ రాత, ఇంగెబ్రిట్‌ది:
"ఉపగ్రహం అడ్డొచ్చింది. తీసేశాను."
మర్నాడు, "మళ్లీ ఉపగ్రహం. తీసేశాను."
ఆ చలికాలం నలభై ఒక్కసారి.
అన్ని ఉపగ్రహాలకి ఆ దారిన ఏం పని?

రాత్రి ఆయన గదిలో కాఫీ.
పంచదార ముక్క పళ్ల మధ్య పెట్టుకుని
బల్ల మీద ఆమె పరిచిన కాగితం
చాలాసేపు చూశాడు.
"శుభ్రం చేస్తున్నాననుకున్నాను" అన్నాడు.
రాడార్‌కి ముందు గనిలో పనిచేసిన మనిషి.
"బొగ్గులోంచి రాయి ఏరినట్టు."

ఆమె ఇంకేదో అనబోయి
ధార చివరికి ఏమైందో చెప్పింది:
ఉన్నదంతా అలకిచ్చేసి,
ముందుకు పొడుచుకొచ్చిన మెట్ట చదునై,
అందరిలో కలిసిపోయింది.
మూడు గీతలు. అరనిమిషం.

"అయితే ఆ అరనిమిషమే నేను..."
కప్పు కడగడానికి లేచాడు.
బయట ఎవరిదో స్నోమొబైల్
స్టార్ట్ కానని మొరాయిస్తోంది.
"ఆ నలభై ఒకటీ టేపుల్లో ఉన్నాయా?"
నీళ్ల చప్పుడు మీంచి అడిగాడు.

"లేవు" అంది.
"టైములున్నాయి. సెకన్లతో సహా రాసిపెట్టారు మీరు."

కొళాయి కట్టెయ్యలేదు ఆయన.
బయట బండి మళ్లీ దగ్గింది.