కడపటి గుర్రానికి పాట

మా మంగోలియా మైదానంలో ఒక మర్యాద ఉంది.
రెండేళ్ళ పిల్లగుర్రాల పందెంలో
అందరికన్నా వెనక వచ్చినదాన్ని
కళ్ళెం పట్టి జనం మధ్యకి నడిపించి
దానికో పాట పాడతారు.

గెలిచినదానికీ పాడతారనుకోండి.
దాని చెమట వేళ్ళతో తీసి నుదుటికి రాసుకుంటారు.
కడపటిదాని చెమట ఎవరికీ అక్కర్లేదు.
పాట మాత్రం ఉంది.

ఆ ఏడు అది మా బూడిదరంగు పిల్లకి దక్కింది.

దానికంటే ముందు నూట నలభైమూడు గుర్రాలు.
లేచిన దుమ్ము లేచినట్టే అణిగిపోయింది.
జనం పులిసిన గుర్రపుపాల గిన్నెలవైపు తిరిగారు.
అప్పుడు కొండ మలుపులో ఒక చుక్క.
చుక్క మెల్లగా గుర్రమైంది.
దానిమీద మా తుంగలగ్, తొమ్మిదేళ్ళది,
టోపీ ఎక్కడో పారేసుకుని,
ముక్కు మోచేతికి తుడుచుకుంటూ,
గుర్రంతో ఏవో కబుర్లు చెబుతూ.

పాటగాడు దంబదర్జా గొంతెత్తాడు:
నీ తప్పేముంది నాయనా,
దారంతా గులకరాళ్ళు,
కళ్ళెం చూస్తే బిగుసు,
ఎక్కిన పిల్ల పసిది,
నిన్ను తయారుచేసినవాడు
బుర్రలో గాలి నింపుకున్నవాడు!

జనం నవ్వారు. నేనూ నవ్వాను.
తయారుచేసినవాణ్ణి నేనే.

నవ్వు గుడారం గుమ్మందాకా నాతో వచ్చి
బయటే ఆగిపోయింది.
దొల్గోర్ పొయ్యిలో పిడకలు ఎగదోసింది,
ఒక్క మాట అనలేదు.
ముప్పై ఏళ్ళ కాపురంలో
ఆమె మౌనాలన్నీ నాకు పేరుపేరునా తెలుసు.
ఇది కొత్తది.

ఆడలేక మద్దెల ఓడంటారు.
దంబదర్జా దయగలవాడు,
మద్దెలలన్నీ తెచ్చి నా ముందు పెట్టాడు.
రాత్రంతా ఒక్కొక్కటీ తట్టి చూశాను.
రాళ్ళా? నూట నలభైమూడింటికీ అవే రాళ్ళు.
కళ్ళెమా? బేరమాడి కొన్నది నేను.
పసిపిల్లా? పడిపోకుండా వచ్చింది కదా.
ఒక్కటీ ఓడు కాదు.

ఇక మిగిలింది, బుర్రలో గాలి.
అదీ వెచ్చటి దుప్పటే, తెలుసా?
నేను తెలివితక్కువవాణ్ణి అనుకుంటే చాలు,
ఇంకేమీ వెతకక్కర్లేదు,
ముసుగు తన్ని పడుకోవచ్చు.

దుప్పటి తీశాను.

పందానికి ఆరు రోజుల ముందు, సాయంత్రం,
పరుగు తీయించి వచ్చాక
చెక్కబద్దతో దాని చెమట గీకుతున్నాను.
నీళ్ళలా జారాల్సింది వేలికి అంటుకుంది.
ఇంకో మూడు పరుగులు కావాలని
ఆ జిగురు నాతో స్పష్టంగానే చెప్పింది.
కానీ ఆవేళ పక్క గుడారానికి
కొత్త మోటార్ సైకిల్ వచ్చింది.
ఎర్రది.
చూడ్డానికి వెళ్ళాను.
మర్నాడు కూడా వెళ్ళాను.

అంతే. నా ఓటమి అంత చిన్నది,
ఎర్రగా, అద్దం మీద ప్లాస్టిక్ కాగితం ఇంకా తీయకుండా.

తెల్లారి తుంగలగ్‌కి చెప్పాను.
అది పెరుగుగడ్డ కొరుకుతూ వింది.
"నాకు తెలుసు తాతా.
రెండో దిబ్బ దగ్గరే రొప్పింది.
అందుకే కొరడా ఎత్తలేదు,
మాట్లాడుతూ తీసుకొచ్చాను."

నేను వంగి జీను పట్టీ సర్దాను,
సర్దడానికేమీ లేకపోయినా.

మరుసటి ఏడు మూడేళ్ళ గుర్రాల్లో
మాది పదకొండోది.
పదకొండోదానికి ఏమీ లేదు.
చెమట ఎవరూ అడగరు,
పాటా రాదు.

పొద్దుగూకాక మేమిద్దరమే.
బద్ద ఆనించి గీశాను.
వాన వెలిసిన రేకుమీద నీళ్ళలా
జర్రున జారింది చెమట.
కాస్త నా నుదుటికి రాసుకున్నాను,
కాస్త నిద్రలో ఉన్న పిల్ల నుదుటికి దాచాను.

తర్వాత నాకున్న గొంతుతో
ఆ పాత పాటే అందుకున్నాను.
తయారుచేసినవాడి దగ్గరికొచ్చేసరికి
మాట మార్చలేదు,
కొంచెం గట్టిగానే పాడాను.

గుర్రం ఒక చెవి మాత్రం
ఇటు తిప్పింది.