ఈ వారం తెలుపు

ఆదివారం ఆరింటికి మస్తాన్‌వలి ఫ్లెక్సీ షాపులో
షట్టరు సగం దించి కూర్చుంటాం, ఐదుగురం.
గోడకి ఒక మార్కాపురం పలక,
దాని మీద బలపంతో వారానికొక మాట.
పోయిన వారం "మలుపు".
అంతకుముందు "ఆకలి" అంటే అందరూ కుక్కల్నే తెచ్చారు.
ఈ వారం "తెలుపు".

చీమకుర్తిలో తెలుపేందబ్బా, అన్నాడు కోటిలింగం.
కొండని తలకిందులుగా తవ్విన ఊరు.
గుంట అడుగుదాకా నలుపే,
ఆ నలుపులో చుక్కలు మెరిస్తేనే దానికో ధర.

నియమం ఒకటే:
తీసినవాడు నోరు మెదపకూడదు
తన గ్లాసులో టీ చల్లారేదాకా.
మిగతావాళ్ళు ఏమైనా అనొచ్చు.

ముందు కోటిలింగం. క్రేన్ క్యాబిన్లోంచి తీశాడు,
నల్ల దిమ్మె మీద ఒంటికాలి కొంగ.
"బ్రహ్మాండం" అన్నాడు పెంచలయ్య.
"క్యాలెండరుకి పనికొస్తది" అంది సువార్తమ్మ.
ఆమె నర్సు,
ఫోటోని నాలుక చూసినట్టు చూస్తది.
కోటిలింగం టీని గబగబా ఊదుకున్నాడు.

ఆమె తెచ్చింది బియ్యం కడుగు.
గట్టు మీద ఒలికి, అంచున ఒక చీమ తాగుతూ.
"చీమ ఇంకాస్త పక్కకి జరగాల్సింది."
ఆమె నవ్వింది. నవ్వు మాట కాదు గనక చెల్లింది.
పెంచలయ్యది టిక్కెట్టు రోలు చివర వచ్చే ఖాళీ కాగితం.
కండక్టరు కష్టం కండక్టరుకే తెలుసు,
మాకు కాగితమే కనబడింది.
మస్తాన్‌వలి ఏమీ తేలేదు.
వారమంతా ఎవరో నాయకుడి చొక్కాని
తెల్లగా చేసి చేసి విసుగొచ్చిందన్నాడు.

నేను వేబ్రిడ్జి గుమస్తాని.
లారీని బరువుతో తూస్తా, ఖాళీగా తూస్తా,
తేడా రాసిస్తా.
నా ఫోటోలో ఒక కుర్రాడు, క్వారీలో డ్రిల్లు కొట్టేవాడు,
చిట్టీ కోసం నా కిటికీ దగ్గరికొచ్చాడు.
నల్లరాయే, తొలిస్తే లేచేది మాత్రం తెల్లపొడి.
కనుబొమ్మలు తెలుపు, రెప్పలు తెలుపు,
చెమట జారిన చోటే సొంత రంగు.
నాలుగు రోజులు దాన్ని చూసుకుని మురిసిపోయా.

"ఫోకస్ కళ్ళ మీద లేదు, చెవి మీదుంది."
"వెనక లారీ నంబరు తలలోంచి మొలిచినట్టుంది."
"రోజంతా తూకం చూస్తావే,
నీ నేల ఎడమకి వాలిందేంది?"
నవ్వారు. నేనూ నవ్వి రాసుకున్నా:
చెవి, నంబరు, నేల.

సువార్తమ్మ ఇంకా మాట్లాడలేదు.
రెండు వేళ్ళతో బొమ్మని పెద్దది చేసింది,
ముఖం దాటి మెడ దగ్గర ఆగింది,
కాలరు ఎముక పైన గుంట దగ్గర.
"ఈ పిల్లోడు ఎన్నాళ్ళుగా దగ్గుతుండాడు?"

నా టీ ఇంకా పొగలు కక్కుతోంది.
నియమం కాసేపు కాపాడింది.
చల్లారాక కూడా చెప్పడానికి ఏమీ లేకపోయింది.
దగ్గు విన్నానా అంటే విన్నా,
అద్దానికి అవతల, హారన్ల మధ్య.
దాన్ని ఫ్రేములోకి తెచ్చే బటన్ నా ఫోన్లో లేదు
అనుకుని ఊరుకున్నా.

ప్రింటు తీసి క్లిప్పుకి తగిలించాడు మస్తాన్‌వలి.
మార్కులు వేసే పెన్ను ఎవరూ అందుకోలేదు.
సువార్తమ్మే తీసుకుని వెనక రాసింది:
మంగళవారం, ఒంగోలు, ఎక్స్‌రే. తిని రావచ్చు.
పలక తుడిచి వచ్చే వారం మాట రాశారు: "చప్పుడు".
చప్పుడుని ఎట్టా తీస్తారంటూ
షట్టరు దించేదాకా కోటిలింగం గొడవ.

సోమవారం పొద్దున గుంటలోకి దిగా.
ఆరేళ్ళలో మొదటిసారి.
పేరడిగా. దగ్గు ముందొచ్చింది, పేరు తర్వాత:
ధనుర్జయ్. బొలంగీర్ అవతల ఏదో ఊరు.
మంగళవారం సంగతి చెప్పా, కూలి పోతుందన్నాడు.
ఏమనాలో తోచక ఫోటో చూపించా.

చాలాసేపు చూశాడు.
కన్ను, చెవి, నేల, ఏదీ అనలేదు.
తెర మీద దుమ్మనుకున్నాడేమో
బొటనవేలితో తుడిచాడు.
ఫోటో పక్కకి జారిపోయి
వెనకున్నది వచ్చింది,
ఎప్పుడో తీసి పెట్టుకున్న లారీ చిట్టీ:
నిండు బరువు, ఖాళీ బరువు,
కింద నా సంతకం.