ఎడమచేతి రాయి

దిన్నె మీద పనికి రమ్మంటే
ఉపాధి పనేమో అనుకుంటిమి.
కళ్యాణదుర్గం నుంచి జీపు వచ్చింది.
దారాలు, మేకులు, పెయింటు బ్రష్షులు దిగినాయి.
బూదిదిన్నెను గళ్లు గళ్లుగా కోసి
గడికొక మనిషిని కూర్చోబెట్టినారు.
నాకు జల్లెడ ఇచ్చినారు.
మస్టర్లో పేరు: హొన్నూరమ్మ, జల్లెడ.

రాక్షసులు కాలిన బూడిద అని మా అవ్వ చెప్పేది.
సార్ వేలితో గీరి చూసి
పేడమ్మా, వట్టి పేడ, అన్నాడు.
నాలుగువేల ఏండ్ల కిందటి గొడ్లదొడ్డి.
కుప్పలు కుప్పలు కూడబెట్టి
ఒకనాడు అంటించేవాళ్లంట.
ఎందుకని అడిగితే ఆయనకూ తెలీదు.
మారెక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది:
ఇన్నేండ్లూ మనం దండం పెట్టింది
పెంటదిబ్బకా!

మొదటివారం జల్లెట్లో బంగారం కోసమే చూసినా,
అబద్ధమెందుకు.
పడినవి మూడు ఉలవలు,
మాడి, బొగ్గయి, గింజ రూపు పోకుండా.
సార్ వాటిని దూదిలో పెట్టి
పెండ్లికూతురి ముక్కెర మాదిరి ఎత్తుకుపోయినాడు.
ఆ రాత్రి ఉలవచారు మసులుతుంటే
గరిటె పట్టుకుని
కాసేపు ఊరికే నిలబడినా.

అడుగునంతా తూట్లున్న సట్టి ఒకటి దొరికింది.
ధూపానికా, పూజకా అని
చదువుకునే పిల్లలిద్దరు వాదించుకుంటున్నారు.
వార్చుకునేదానికి, అంటి.
నా మాట దారానికి అవతలే ఆగిపోయింది.

ఇంకొక పెంకు.
పగులుకు రెండు పక్కలా బెజ్జాలు.
బాన పగిలితే నార పోసి కుట్టుకున్నారంట.
ఆ పొద్దు కూడా
కొత్తది తెచ్చుకోలేనోళ్లు ఉన్నారన్నమాట.
దాన్ని కడిగేటప్పుడు
బ్రష్షు కొంచెం మెల్లగా పట్టినా.

ఆరో గడిలో నేల రాయిలా బిగుసుకుపోయి
దానినిండా గిట్టల అచ్చులు.
పొద్దుగూకి గొడ్లు తోసుకుంటూ వచ్చిన తావు.
వాటి నడుమ ఒక బుడ్డోడి మడమ.
తడిపేడలో కావాలనే తొక్కినాడు,
అచ్చు అంత లోతుగా ఉంది.
వాళ్లమ్మ తిట్టే ఉంటుంది.
ఆ తిట్టు మాత్రం
ఏ జల్లెట్లోనూ పడలేదు.

పదిహేడోనాడు నా గడిలోనే తగిలింది
పడవలా గుంటపడిన నూరుడురాయి.
మట్టి ఊది, అరచెయ్యి పెట్టి చూస్తే
గుంట నడిమిన లేదు.
ఎడమకు ఒరిగింది.

మా అమ్మ తిప్పక్కది ఎడమచేతి వాటం.
చిన్నప్పుడు చెయ్యి నడుముకు కట్టేసినారంట.
సంగటి ముద్ద కుడిచేత్తోనే తుంచేది,
పెద్దలకు దండం కుడిచేత్తోనే.
ఎవరూ చూడని వంటింట్లో
కారం నూరేటప్పుడు మాత్రం
బలమంతా ఎడమ భుజంలోకి దిగేది.
అమ్మ పోయి పదకొండేండ్లు.
మా కారంరాయి ఇప్పటికీ ఎడమకే వాలుగా ఉంది,
మిక్సీ వచ్చినాంక
దాని గుంటలో కోళ్లు నీళ్లు తాగుతాయి.

సార్ కొలిచినాడు, బొమ్మ తీసినాడు.
నూరుడురాయి, ఒకటి, అంచు విరిగినది,
అని పుస్తకంలో రాసుకున్నాడు.
ఎడమచేతామె సార్, అంటి.
ఎట్ల చెప్తావు, అన్నాడు.

నోటితో ఎట్ల చెప్పేది?
మోకాళ్ల మీద కూర్చుని
గుండు తీసుకుని
ముందుకు తోసి, వెనక్కి లాగి చూపించినా.
మొదట కుడిచేత్తో. రాయి ఒప్పుకోలేదు.
ఎడమచేతికి మార్చితే
భుజం తనంతట తనే గుంటలోకి జారింది,
ఎవరో నిన్న వదిలిపోయిన పని మాదిరి.
మారెక్క నవ్వు ఆపింది.

సార్ కాసేపు ఏమీ అనలేదు.
తర్వాత పుస్తకం అంచున
చిన్న అక్షరాలతో రాసినాడు:
ఎడమ చెయ్యి?

పెన్సిలుతో.
పక్కన ప్రశ్న గుర్తుతో.